బట్టమేక పిట్టకి ఏది మేలు: కంచా, ఇంక్యుబేటరా, ఓరణా?

రాజస్థాన్‌లో జైసల్మేర్ ఎడారిలో మిగిలిన ఆ కాసిని బట్టమేక పిట్టల్ని (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) ఎలా కాపాడాలి అని మాట వస్తే చాలు, ఒకళ్ళు కంచె వేసి మనుషుల్ని రానివ్వకూడదంటారు, ఇంకొకళ్ళు గుడ్లు తెచ్చి సెంటర్లో పొదిగించాలంటారు. మూడోది ఒకటుంది, ఓరణ్, అంటే దేవుడి పేరున వదిలేసిన ఊరి బీడు. నా ఓటు దానికే, ఎందుకో చెప్తాను.

ముందు కంచె. డెజర్ట్ నేషనల్ పార్క్ అంటే 3162 చదరపు కిలోమీటర్లు, కానీ లోపల ఊళ్ళున్నాయి, పొలాలున్నాయి, గొర్రెల మందలున్నాయి, అంతా చుట్టేయడం అయ్యే పని కాదు కాబట్టి సుదాసరి లాంటి చోట్ల కొంత మేర వేశారు. లాభం లేదని నేననను. ఈ పిట్ట నేలమీదే గుడ్డు పెడుతుంది, అదీ మామూలుగా ఒక్కటే, ఒక కుక్క వచ్చిందంటే ఇక అంతే. కానీ పిట్ట కంచె లోపలే ఉండిపోదు కదండీ, మేతకి పక్క చేలల్లోకి ఎగురుతుంది, అక్కడ హైటెన్షన్ వైర్లు. కళ్ళు తలకి పక్కల ఉంటాయి, ఎదురుగా ఉన్న తీగ సరిగ్గా ఆనదు, మగపిట్ట 15 కిలోల దాకా తూగుతుంది, దగ్గరికొచ్చాక చటుక్కున తిరగలేదు.

ఇక బ్రీడింగ్ సెంటర్. 2019లో జైసల్మేర్ దగ్గర సమ్ అనే ఊళ్ళో మొదలుపెట్టారు, తర్వాత రామ్‌దేవ్రాలో ఇంకోటి, 2024లో కృత్రిమ గర్భధారణతో పిల్ల కూడా పుట్టింది. నిజంగా గొప్ప పని. మన కర్నూలు వైపు రోళ్ళపాడులో 1988లో ఈ పిట్ట కోసమే అభయారణ్యం పెట్టారు, చుట్టూ ఉన్న గడ్డి బీళ్ళు సాగులోకి పోయాయి, ఇప్పుడక్కడ పిట్ట లేదు, అప్పట్లో మనకీ ఇలాంటి సెంటర్ ఉండుంటే బావుండేదని బాధేస్తుంది. కానీ అదే రోళ్ళపాడు ఇంకో మాట కూడా చెప్తోంది: పిల్లల్ని ఎన్ని పెంచినా వదలడానికి బీడు ఉండాలి.

ఆ బీడే ఓరణ్. దేవుడి పేరున ఊరివాళ్ళు తరాలుగా వదిలేసిన నేల, చెట్టు కొట్టరు, నాగలి పెట్టరు, పశువుల్ని మాత్రం మేపుకుంటారు. సేవణ్ గడ్డి, మనం దసరాకి పూజ చేసే జమ్మి, దాని కాయలు ఎండబెట్టుకుని సాంగ్రీ కూర, వానాకాలం నిండే చిన్న చెరువు, అక్కడికే ఒంటెలూ వస్తాయి, చింకారా జింకలూ వస్తాయి. మనిషి బతుకూ పిట్ట బతుకూ ఒకే గడ్డి మీద నడుస్తున్నాయి, అందుకే కాపరులు దాన్ని వాళ్ళంతట వాళ్ళే కాపాడుకుంటారు, జీతం ఇచ్చి కాపలా పెట్టక్కర్లేదు.

ఓరణ్‌లో లోపం లేదా అంటే ఉంది, కుక్కల బెడద అక్కడా ఉంది, మేత ఎక్కువైతే గడ్డి పోతుంది. అంతకంటే పెద్ద చిక్కు కాగితాల్లో ఉంది, చాలా ఓరణ్‌లు రెవెన్యూ రికార్డుల్లో ఉత్త ప్రభుత్వ భూమి కింద ఉన్నాయి, దాంతో సోలార్, విండ్ ప్రాజెక్టులకి పోతున్నాయి, దేగ్‌రాయ్ ఓరణ్ మీదుగా కూడా కరెంటు లైన్లు లాగారు. వైర్లు భూమిలోంచి వేయమని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది, 2024లో ఆ ఆదేశాన్ని సడలించి కమిటీ వేసింది. సోలార్ వద్దని ఎవరూ అనట్లేదు, ఓరణ్ తప్పించి వేయండి అంటున్నారు అక్కడి జనం, పాదయాత్రలు కూడా చేశారు.

కాబట్టి నన్నడిగితే సెంటర్ నడవాలి, గుడ్లు పెట్టే నెలల్లో ఆ కాస్త చోటుకి కంచె ఉండాలి, కానీ మొదటి పని మాత్రం ప్రతి ఓరణ్‌నీ ఓరణ్ పేరుతోనే రికార్డుల్లోకి ఎక్కించడం, ఎందుకంటే మిగతా రెండూ ఎప్పుడైనా మొదలుపెట్టుకోవచ్చు, దున్నేసి ప్యానెళ్ళు పాతేసిన బీడు మాత్రం మళ్ళీ రాదు.