మేస్త్రీకి ఏది మేలు: శ్రమ్ అవార్డా, విశ్వకర్మ స్కీమా?

మా తిరుపతిలో పొద్దున్నే క్యారియర్ పట్టుకోని పనికోసం సర్కిల్లో నిలబడే మేస్త్రీకి దేశం తరఫున గుర్తింపు అంటే నాకు కనపడేవి రెండే దార్లు. ఒకటి పని బాగా చేసే కార్మికులకిచ్చే ప్రధానమంత్రి శ్రమ్ అవార్డులు, అన్నిటికన్నా పైన శ్రమరత్నకి 2 లక్షలు, అన్నిటికన్నా కింద శ్రమశ్రీకి 40 వేలు, పేరు పేపర్లో వస్తాది, అంతా బాగానే ఉండాది గానీ అది ప్రభుత్వ సంస్థల్లోనో, 500 మందికి తక్కువ కాకుండా పనోళ్లుండే ప్రైవేటు కంపెనీల్లోనో చేసేవాళ్లకే. మా వీధి మేస్త్రీ కింద ఉండేది ఇద్దరు కూలోళ్లు, ఇంక ఆయన పేరు ఎవరు పంపిస్తారప్పా?

రెండోది 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ. అవార్డు కాదు, 18 రకాల చేతిపనులోళ్లకి కార్డు, ట్రైనింగ్‌లో రోజుకి 500, పనిముట్లకి 15 వేలు, 5 శాతం వడ్డీకి లోను. తాపీ మేస్త్రీ, వడ్రంగి, పూలమాలలు కట్టేవాళ్లు కూడా ఉండారు, ప్లంబరు, ఎలక్ట్రీషియన్ మాత్రం లేరు, అదేం లెక్కో.

కడుపుకి చూస్తే రెండోదే, నా ఓటు దానికే. కానీ శ్రీకాళహస్తి కలంకారీకి గురప్ప శెట్టి గారి 2008 పద్మశ్రీతో వచ్చిన మర్యాద ఏ టూల్‌కిట్టుతో వస్తాది చెప్పండి? శ్రమ్ అవార్డుల్లో ఆ 500 మంది రూలు ఒక్కటి ఎత్తేస్తే చాలు, మా మేస్త్రీకీ ఆ మర్యాదకి దారి దొరుకుతాది.