రిజర్వ్ ప్లస్: ఫోన్‌లో పట్టే సైనిక రిజిస్టరు

ఉక్రెయిన్ రక్షణ శాఖ 2024 మే 18న తెచ్చిన యాప్ ఇది. కొత్త సైనిక సమీకరణ చట్టం కూడా ఆ రోజే అమల్లోకి వచ్చింది. 18 నుంచి 60 ఏళ్ల లోపు మగవాళ్లు 60 రోజుల్లో సైనిక రిజిస్టరులో తమ వివరాలు సరిచూసుకోవాలన్నారు. జులై 16 గడువు. సైన్యంలోకి పిలుపు మాత్రం 25 ఏళ్లు నిండినవారికే. అంతకుముందు ఆ వయసు 27.

వాడకం సులువే. బ్యాంక్‌ఐడీతో (బ్యాంకు ద్వారా గుర్తింపు చూపే పద్ధతి) లాగిన్ అయి, ఫోన్ నంబరు, ఈమెయిల్, ఉంటున్న చిరునామా ఇస్తే చాలు. తర్వాత క్యూఆర్ కోడ్‌తో సైనిక నమోదు పత్రం వస్తుంది. దాన్ని పీడీఎఫ్‌గా దాచుకోండి. తనిఖీ దగ్గర సిగ్నల్ లేకపోతే పనికొస్తుంది.

తిప్పలు వచ్చేది వెనకున్న ‘ఒబెరిగ్’ అనే సైనిక రిజిస్టరుతో. యాప్ తనంతట తాను ఏమీ రాసుకోదు, అందులో ఉన్నదే చూపిస్తుంది. పాత కాగితపు కార్డు నుంచి పేరు తప్పుగా ఎక్కినా, అసలు ఎక్కకపోయినా ‘డేటా దొరకలేదు’ అంటుంది. అప్పుడు రిక్రూట్‌మెంట్ కేంద్రానికి వెళ్లక తప్పదు. క్యూ తప్పించడానికే కదా యాప్ పెట్టింది!

సైనిక నమోదు నియమం తప్పితే జరిమానా 17,000 నుంచి 25,500 హ్రివ్నియాలు. తప్పు ఒప్పుకుని యాప్‌లోనే సగానికి తేల్చుకునే వీలు తర్వాత వచ్చింది. సైనిక పిలుపు నుంచి విద్యార్థులు వాయిదా కోరే దరఖాస్తు కూడా ఇప్పుడు ఇందులోనే.

యాప్‌కు నాలుగు స్టార్లు, రిజిస్టరుకు రెండు.