వంటగట్టుకు గ్రానైట్: ఏళ్లు వాడాక తేలిన సంగతులు

వంటగట్టుకు రాయి ఎంచుకునేటప్పుడు అందరి చూపూ ముందు రంగు మీద, తర్వాత మెరుపు మీద పడుతుంది. నల్లరాయినీ, లేత రంగు రాయినీ రెండింటినీ ఏళ్ల తరబడి రోజూ వాడాక నా మాట ఒకటే: ఆ బండ నీళ్లు ఎంత పీలుస్తుందో ముందు చూడండి. గీతలు పడతాయేమో, వేడికి పాడవుతుందేమో అనే భయం చాలావరకు అక్కర్లేదు. ఇబ్బంది పెట్టేవి మరకలు, అంచులు, సింకు చుట్టూ ఉండే జానెడు మేర.

గట్టిదనంలో గ్రానైట్‌కు వంక పెట్టలేం. ఇందులో ముఖ్యంగా ఉండేవి క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే మోస్ కొలమానంలో క్వార్ట్జ్ 7, ఫెల్డ్‌స్పార్ 6. పాలరాయిలోని కాల్సైట్ 3 మాత్రమే. నేరుగా బండ మీద కోస్తే మొద్దుబారేది కత్తే, రాయి కాదు. అయితే అదే రాతిలో అభ్రకం రేకులూ ఉంటాయి, వాటి గట్టిదనం 2.5, 3 మధ్య. అవి పాలిష్ సమయంలోనో వాడకంలోనో ఊడి సూదిమొనంత గుంటలు మిగులుస్తాయి. వెలుతురుకు ఏటవాలుగా చూస్తేనే కనిపిస్తాయి. కొత్త బండ మీద అవి కనబడి కంగారు పడేవాళ్లున్నారు. అది రాతి స్వభావం, పనిలో లోపం కాదు.

గ్రానైట్ పేరుతో అమ్మే నల్లరాళ్లలో చాలావాటిని భూగర్భశాస్త్రం గ్రానైట్ అనదు. అవి గాబ్రో, డోలరైట్ అనే వేరే శిలల జాతివి. వంటగట్టుకు ఇవే మేలు అంటాను, ఎందుకంటే గింజలు బిగుతుగా అల్లుకుని ఉండి నీళ్లను దాదాపు పీల్చవు. తెల్లటివి, లేత పసుపువి, పెద్ద గింజ ఉన్నవి సాధారణంగా ఎక్కువ పీలుస్తాయి. ప్రమాణాలు నిర్ణయించే అమెరికా సంస్థ ఏఎస్‌టీఎం వారి సీ615 ప్రమాణం ప్రకారం గ్రానైట్ పీల్చే నీళ్లు బరువులో 0.40 శాతం దాటకూడదు. ఇంట్లో ఆ కొలత తీయలేం కానీ చుక్క పరీక్ష చేయొచ్చు.

మీరు కొనబోయే బండ నుంచే కోసిన ముక్క అడగండి, ప్రదర్శనకు పెట్టిన ముక్క వద్దు. దాన్ని సబ్బునీళ్లతో కడిగి ఒక రోజంతా ఆరనివ్వండి. పాలిష్ వైపు ఒక చెంచాడు నీళ్లు పోసి, పక్కనే ఒక చుక్క వంటనూనె వేయండి. నీళ్లను 15 నిమిషాల తర్వాత గుడ్డతో అద్దేసి చూడండి. పీల్చే రాయి మీద నీళ్లున్నంత మేరా ముదురు రంగు మచ్చ ఉంటుంది, దాని అంచు గింజల వెంట వంకరటింకరగా పాకి కనిపిస్తుంది. 5 నిమిషాల్లోనే అలా అయితే ఆ రాయికి సీలర్, అంటే రాతి రంధ్రాలను మూసే ద్రవం, తప్పదు. మళ్లీ నీళ్లు పోసి అరగంట ఉంచినా రంగు మారకపోతే సీలరే అక్కర్లేదు. నూనె చుక్కను మాత్రం రాత్రంతా ఉంచండి. అసలు సమాధానం అదే చెబుతుంది: నీటి మచ్చ ఆరితే పోతుంది, నూనె మచ్చ పోదు.

అదే ముక్క మీద ఇంకో రెండు పరీక్షలు చేయొచ్చు. నిమ్మరసం నాలుగు చుక్కలు వేసి పది నిమిషాలు ఆగండి. బుడగలు లేచినా, అక్కడ మెరుపు చచ్చినా ఆ రాతిలో కాల్సైట్ ఉన్నట్టే. అలాంటి గట్టు మీద పులుపు పడిన ప్రతిసారీ మచ్చ పడుతుంది. నల్లరాయైతే తెల్ల గుడ్డను అసిటోన్‌తో (గోళ్ల రంగు తుడిచే ద్రావణం) తడిపి గట్టిగా రుద్దండి. గుడ్డకు నలుపు అంటితే అది బూడిదరంగు రాయికి వేసిన రంగు. కొన్నాళ్లకు స్టవ్ ముందు, సింకు దగ్గర వెలిసిపోతుంది.

బండ మొత్తాన్ని పగటి వెలుతురులో చూడండి. పక్కగా వంగి చూస్తే పాలిష్ సరిగా ఎక్కని చోట మసక కనిపిస్తుంది. గోరుతో గీస్తే తగలని జీర రాతిలో పుట్టుకతో వచ్చినది, దాంతో భయం లేదు. గోరు ఆగి, గీతకు రెండు వైపులా ఎత్తు తేడా తెలిస్తే అది పగులు. వెనక వైపు ఫైబర్‌గ్లాస్ వల అతికించి ఉంటే రాయి పెళుసుదై ఉండొచ్చు. అంతమాత్రాన వద్దనక్కర్లేదు, సింకు కోత మాత్రం ఆ బండ మీద వేయించకండి. నాలుగు మూలలా మందం కొలవండి. తేడా 2 మిల్లీమీటర్లు దాటితే అతుకు దగ్గర ఎగుడుదిగుడు తప్పదు.

మందం 20 మిల్లీమీటర్లా, 30 మిల్లీమీటర్లా అన్నదానికి బరువు లెక్క చూడాలి. చదరపు మీటరుకు 20 మిల్లీమీటర్ల బండ సుమారు 54 కిలోలు, 30ది సుమారు 81 కిలోలు. కింద అల్మారాలు ఆ బరువు మోయాలి, పైగా సమమట్టంగా ఉండాలి. ఊత లేకుండా బయటికి వదిలే భాగం 20 మిల్లీమీటర్ల బండకు 15 సెంటీమీటర్లు, 30దానికి 25 సెంటీమీటర్లు దాటనివ్వకండి.

అన్నిటికంటే జాగ్రత్త కావాల్సింది సింకు కోతకే. సింకుకు ముందూ వెనకా మిగిలేది సన్నటి పట్టీ. బండ పగిలేది చాలావరకు అక్కడే, అదీ మూల దగ్గర. కారణం కోసిన పద్ధతిలోనే ఉంటుంది. కట్టర్ బిళ్లతో రెండు వైపుల నుంచీ కోసుకుంటూ వచ్చి మూలలో ఒకదాన్నొకటి దాటనిస్తే, అక్కడ ఓ సన్నటి గాటు మిగిలిపోతుంది. మొదట్లో కంటికి ఆనదు. బరువైన పాత్ర దించినప్పుడల్లా ఒత్తిడంతా ఆ గాటు కొస మీద పడి, నెమ్మదిగా అక్కణ్నుంచే నెర్రె విచ్చుతుంది. అందుకే ముందు నాలుగు మూలల్లో గుండ్రటి రంధ్రాలు వేసి, వాటిని కలుపుతూ కోయమనాలి. పట్టీ అడుగున గాడి తీసి కడ్డీ బిగిస్తామంటే ఫైబర్‌గ్లాస్ కడ్డీ అడగండి. ఇనుప కడ్డీకి తడి తగిలి తుప్పు పడితే ఉబ్బి, కాపాడాల్సిన రాయినే చీలుస్తుంది. ముందు అంచు అడుగున అంచు వెంబడి సన్నటి గాడి కూడా తీయించండి. ఒలికిన నీళ్లు అల్మారా తలుపుల మీదికి పాకకుండా అక్కడే చుక్కలై రాలిపోతాయి. పది నిమిషాల పని, ఏళ్లపాటు తలుపులు ఉబ్బకుండా కాపాడుతుంది.

సీలర్ వేసేది మెరుపు కోసం కాదు. రాతిలోకి ఇంకి రంధ్రాలను మూస్తుంది, అంతే. గట్టును కడిగి 24 గంటలు ఆరనిచ్చాకే వేయాలి. ఒక్కోసారి అర చదరపు మీటరు మేర తడిపి, డబ్బా మీద రాసిన సమయం, సాధారణంగా 5 నుంచి 10 నిమిషాలు, ఆగి మిగిలినదంతా పొడిగుడ్డతో పూర్తిగా తుడవాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: ఎక్కువసేపు వదిలేస్తే పైన ఆరిపోయి జిడ్డు మసక కడుతుంది. అలా అయితే దాని మీదే మరి కాస్త సీలర్ రాసి, తడి మీదుండగా వెంటనే రుద్ది తుడిస్తే ఆ పొర కరిగి వస్తుంది. పీల్చని నల్లరాయికి సీలర్ వేయడం కోరి మసక తెచ్చుకోవడమే. మళ్లీ ఎప్పుడు వేయాలో క్యాలెండర్ చూసి కాదు, చుక్క పరీక్ష చూసి నిర్ణయించండి.

రోజువారీ శుభ్రానికి గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల పాత్రల సబ్బు చాలు. సబ్బు ఎక్కువైతే పొర కట్టి బండ మెరుపు తగ్గినట్టు కనిపిస్తుంది. తుడిచాక పొడిగుడ్డతో ఆరబెట్టడం, ముఖ్యంగా కుళాయి మొదట్లో, మానకూడదు. అక్కడ నీళ్లు ఆరి ఆరి తెల్లటి పెచ్చు కడుతుంది. దాన్ని పొడిగా ఉన్నప్పుడే కొత్త బ్లేడును దాదాపు పడుకోబెట్టి గీకితే పొడిలా రాలుతుంది. వెనిగర్ పెచ్చును కరిగించే మాట నిజమే కానీ సీలర్‌నూ దెబ్బతీస్తుంది. తుప్పు మరకలు తీసే కొన్ని ద్రావణాల్లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది, అది రాతిలోని క్వార్ట్జ్‌నే తినేస్తుంది. మనిషికీ ప్రమాదమే. వాటిని వంటగదిలోకే రానివ్వకండి.

నూనె మరక దిగితే పైపైన ఎంత రుద్దినా రాదు. పట్టు వేసి పైకి లాగాల్సిందే. వంటసోడాలో కొద్దిగా నీళ్లు కలిపి గట్టి ముద్ద చేసి, మరక అంచు దాటి 2 సెంటీమీటర్ల మేర, 6 మిల్లీమీటర్ల మందాన పరవండి. పైన ప్లాస్టిక్ కాగితం కప్పి అంచులు టేపుతో అతికించి 24 గంటలు ఉంచండి. ఆ తర్వాత కాగితం తీసి ముద్దను పూర్తిగా ఆరనివ్వాలి. మరకను బయటికి లాగేది ఈ ఆరడమే, తడిగా ఉండగా తీసేస్తే పని సగంలో ఆగిపోయినట్టే. చెక్క గరిటెతో ఎత్తేయండి. ఒకసారికి పలచబడితే మరో రెండు మూడు సార్లు వేయండి. పాత మరకకు నీళ్ల బదులు అసిటోన్ కలపొచ్చు, అప్పుడు స్టవ్ ఆపి కిటికీలు తెరవడం తప్పనిసరి. టీ, కాఫీ మరకలకు లేతరంగు రాయి మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన పట్టు పనిచేస్తుంది. నల్లరాయి మీద వాడకండి, రంగు తేలిపోవచ్చు.

వేడికి గ్రానైట్ నిలబడుతుంది. అయినా మంట మీంచి దించినదాన్ని సింకు పట్టీ మీద, అతుకు మీద పెట్టకూడదు. ఒకే చోట వేడెక్కి వ్యాకోచిస్తే ఉన్న జీర తెరుచుకుంటుంది, అతుకులోని ఎపాక్సీ జిగురు మెత్తబడుతుంది.

గోడకూ బండకూ మధ్య సందులో నింపే సిలికాన్ ముద్ద విషయానికొస్తే, రాతిని మరకపెట్టని, వెనిగర్ వాసన రాని న్యూట్రల్ రకం కావాలి. మరోటి వాడితే అందులోని నూనె రాతిలోకి దిగి అంచు వెంట ముదురు చార శాశ్వతంగా మిగిలిపోవచ్చు. కుళాయి కింద ప్లంబర్ పుట్టీ, అంటే నూనె కలిసిన మెత్తటి ముద్ద, పెట్టినా ఇదే గతి.

ఇక అంచు పెచ్చు. పలక అంచు కంటే కాస్త గుండ్రం చేసిన అంచుకు దెబ్బ తక్కువ. ఊడిన ముక్క దొరికితే పారేయకండి, గుంటను అసిటోన్‌తో తుడిచి ఎపాక్సీతో అదే ముక్క అతికించండి. దొరక్కపోతే అదే రాతి పొడి కలిపిన ఎపాక్సీని గుంట కంటే కాస్త ఎత్తుగా నింపి, ఒక రోజు గట్టిపడనిచ్చి, బ్లేడుతో సమంగా గీకండి. దగ్గరికెళ్లి చూస్తే చోటు తెలుస్తుంది, వేలితో తడిమితే తెలియదు.