గిటార్ ‘ఫ్రీ’ అన్నారంటే కాస్త ఆగండి: బెజవాడలో నా 18,000 పోయిన తీరు

బెజవాడలో గానీ గుంటూరులో గానీ ‘ఏ వయసు వారికైనా గిటార్, 30 రోజుల్లో పాట, గిటార్ ఫ్రీ’ అన్న ఫ్లెక్సీ చూసి నంబరు కొట్టబోయేవాళ్ళుంటే ముందు ఇది చదవండి. కాస్త పెద్ద పోస్టే. నాకు ఆరు నెలలు పట్టింది, మీకు పది నిమిషాలు పడుతుంది.

నేను రైల్వేలో గూడ్స్ గార్డుగా చేసి కిందటి జూన్‌లో రిటైరయ్యాను. సత్యనారాయణపురంలో ఉంటాం. కుర్రతనంలో గుంటూరు బ్రాడీపేటలో గది తీసుకుని చదువుకునే రోజుల్లో పక్క గదిలో ఒకతను రాత్రిళ్ళు గిటార్ వాయించేవాడు. అది వింటూ నిద్రపోయేవాణ్ణి. ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, బ్రేక్ వ్యాను ఊపుళ్ళు, వీటన్నిటి మధ్య ఆ కోరిక ఎక్కడికీ పోలేదు. రిటైరైన నెలకే మా ఆవిడతో చెప్పాను. ‘నేర్చుకోండి, ఎవరొద్దన్నారు’ అంది. ఆవిడ వీణ వాయిస్తుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

దసరా వెళ్ళాక చేరాను. ఆ సంస్థ పేరు రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. అయినా పేరు కంటే వాళ్ళ పద్ధతి తెలుసుకోవడమే మీకు ముఖ్యం. ఆరు నెలల కోర్సు 18,000, మొత్తం ముందే కట్టాలి, గిటార్ ఫ్రీ. ఏసీ గది, గోడ మీద వరసగా వేలాడే గిటార్లు, మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టడం, అంతా బాగానే ఉంది. ‘ఇంపోర్టెడ్ సార్, సాలిడ్ వుడ్, బయట కొంటే పదివేల పైమాటే’ అన్నాడు ఓనరు. రసీదు ఇచ్చాడు. అందులో ‘కోర్సు ఫీజు’ అని మాత్రమే ఉంది, కింద చిన్నక్షరాల్లో ‘తిరిగి ఇవ్వబడదు’ అని ఉంది. గిటార్ ఊసే లేదు. వ్యాగన్ సీళ్ళు లెక్కపెట్టి సంతకం పెట్టే ఉద్యోగం చేసినవాణ్ణి, ఆ రసీదు మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మొదటి వారం వేళ్ళు మండిపోయాయి. అది మామూలే అన్నారు. నిజమే, స్టీలు తీగలు నొక్కితే ఎవరికైనా మండుతుంది. రోజూ వాయిస్తే మూడు నాలుగు వారాల్లో వేలి కొసలు కాయకట్టి నొప్పి తగ్గుతుంది. నాకు రెండో నెల వచ్చినా తగ్గలేదు. సీ కార్డు (కార్డు అంటే కొన్ని తీగలు ఒకేసారి నొక్కి కలిపి మీటే స్వరాల గుత్తి) పట్టుకుంటే ఆరు తీగల్లో మూడే పలికేవి, మిగతావి ‘టుక్ టుక్’ మనేవి. ఎఫ్ కార్డు సంగతి అడగొద్దు. చూపుడువేలు మొత్తం పరిచి తీగలన్నీ ఒకేసారి నొక్కాలి కదా, బొటనవేలు దగ్గర కండరం పట్టేసి రాత్రంతా జండూబామ్ రాసుకునేవాణ్ణి.

నేర్పే కుర్రాడు మంచివాడే, అతన్నేమీ అనను. ‘వయసు కదా అంకుల్, వేళ్ళు వంగడానికి టైం పడుతుంది’ అనేవాడు. ఓనరు మాత్రం భుజం తట్టి మరీ చెప్పేవాడు: ‘రెండు నెలలు ఓపిక పట్టండి సార్, మీ ఏజ్ వాళ్ళందరికీ ఇదే.’ నేనూ నమ్మాను. అరవై దాటినవాడికి వయసు మీదికి నెట్టేస్తే ఏదైనా నమ్ముతాడు. మోకాలు నొప్పి వయసు, చూపు మందగించడం వయసు, సీ కార్డు పలకకపోవడమూ వయసే.

గార్డు ఉద్యోగంలో ఏ స్టేషన్లో ఎన్ని గంటలకు ఆగాం, ఎన్ని గంటలకు కదిలాం అన్నీ జర్నల్లో రాయాలి. ఆ చెయ్యి ఇంకా ఊరుకోలేదు. క్లాసులకీ అలాగే ఒక నోటుబుక్కు పెట్టాను. బ్యాచ్‌లో 11 మంది, నేను తప్ప అందరూ స్కూలు పిల్లలు. గంట క్లాసులో టీచరు నా పక్కన కూర్చున్నది ఒకరోజు 6 నిమిషాలు, ఒకరోజు 4, ఒకరోజు అసలు లేదు. ఆరు నెలల్లో టీచర్లు ముగ్గురు మారారు. వచ్చిన ప్రతివాడూ మళ్ళీ ‘ఈ మైనర్’, ‘జీ’ కార్డుల దగ్గర్నుంచే మొదలుపెట్టాడు. ‘30 రోజుల్లో పాట’ సంగతి ఫిబ్రవరిలో అడిగితే 30 రోజులంటే 30 క్లాసులట. వారానికి రెండు క్లాసుల చొప్పున మీరే లెక్కేసుకోండి.

ఉగాదికి రెండు రోజుల ముందు అనుకుంటా, వంటింట్లోంచి మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. ‘ఏవండీ, ఆ తీగ ఊరికే మీటండి’ అంది. మీటాను. ‘ఇప్పుడు మధ్యలో నొక్కి మీటండి, 12వ మెట్టు మీద’ అంది. వీణ మీదైనా గిటార్ మీదైనా 12వ మెట్టు సరిగ్గా తీగకి సగం. ఊరికే మీటితే పలికే స్వరమే అక్కడ పై స్థాయిలో పలకాలి. అంటే షడ్జమానికి పై షడ్జమం. ఆవిడ మొహం ముడుచుకుంది. ‘కలవడం లేదు. పైకి పోతోంది. మీ వేళ్ళలో ఏం లేదు, మెట్లే తప్పాయి’ అంది.

ఆవిడ వీణ నూజివీడు నుంచి తెచ్చింది, పనసచెక్క. దాని మెట్లు మైనం మీద కూర్చుంటాయి. శ్రుతి తప్పితే మైనం కరిగించి మేళం, అంటే మెట్ల అమరిక, మళ్ళీ కట్టిస్తారు. అందుకే స్వరం తేడా వస్తే వీణ వాళ్ళు ముందు వాద్యాన్ని అనుమానిస్తారు. ఆర్నెల్లుగా నేను నన్ను తప్ప ఎవర్నీ అనుమానించలేదు.

ఫోనులో స్వరం సరిచూసే ట్యూనర్ యాప్ పెట్టి చూశాం. స్వరం సరిగ్గా ఉంటే ముల్లు మధ్యలో నిలుస్తుంది, పెరిగితే కుడికి పోతుంది. మూడో తీగ ఊరికే మీటితే జీ, ముల్లు మధ్యలో ఉంది. 12వ ఫ్రెట్ (గిటార్ మెట్టుని అలా అంటారు) మీద నొక్కితే జీనే, కానీ ముల్లు బాగా కుడికి పోయింది. కారణం తర్వాత తెలిసింది. తీగ చెక్కకి మరీ ఎత్తులో ఉంటే, నొక్కేటప్పుడు అది సాగుతుంది. సాగితే స్వరం పెరుగుతుంది. ఆ ఎత్తునే యాక్షన్ అంటారు. మనవడి జామెట్రీ బాక్సులో స్టీలు స్కేలు తెచ్చి 12వ ఫ్రెట్ దగ్గర కొలిస్తే లావు తీగ కింద 5 మిల్లీమీటర్లు. స్టీలు తీగల గిటార్‌కి అక్కడ ఉండాల్సింది రెండు, మహా అయితే రెండున్నర. సన్న తీగకి ఇంకా తక్కువ. రెట్టింపు ఎత్తులో ఉన్న తీగల్ని అరవై ఏళ్ళ వేళ్ళతో నొక్కుతూ, కార్డు పలకలేదని ఆర్నెల్లు నన్ను నేనే తిట్టుకున్నాను.

వన్ టౌన్‌లో హార్మోనియంలు, వీణలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన మాట్లాడకుండా పొడవాటి ఇనుప స్కేలు నెక్ (మెట్లుండే పొడవాటి చెక్క) మీద నిలువునా పెట్టి వెలుతురుకి ఎత్తాడు. స్కేలుకీ చెక్కకీ మధ్య నెలవంకలా వెలుతురు. ‘నెక్ వంగిపోయింది సార్’ అన్నాడు. లోపల ట్రస్ రాడ్ అని ఇనప కమ్మీ ఉంటుంది, ఆ వంపు సరిచేయడానికే. దాని నట్టు తిప్పితే ఎక్కడా పట్టు లేదు, ఊరికే గిరగిరా తిరిగింది. తర్వాత ఒక విజిటింగ్ కార్డు తీసి బ్రిడ్జి (తీగల కింది కొసలు పట్టి ఉంచే చెక్క) కింద దూర్చాడు. సగం దాకా వెళ్ళింది. అంటే బ్రిడ్జి ఊడొచ్చేస్తోంది. ఆరు స్టీలు తీగలు కలిసి దాదాపు 70 కేజీల బలంతో లాగుతుంటాయట, 25 కేజీల బియ్యం బస్తాలు మూడు వేలాడదీసినట్టే. జిగురు సరిగ్గా లేకపోతే ఏం నిలబడుతుంది? ఇక ‘సాలిడ్ వుడ్’ సంగతి. మధ్యలో గుండ్రటి రంధ్రం అంచు చూడమన్నాడు. చూస్తే పొరలు పొరలుగా ప్లైవుడ్. ప్లైవుడ్ తప్పు కాదు, కొత్తవాళ్ళకి బాగానే పనిచేస్తుంది, మన ఎండలకీ గాలిలో చెమ్మకీ నిజానికి అదే తట్టుకుంటుంది. ప్లైవుడ్డే అని చెప్పి ఇస్తే ఏ గొడవా లేదు.

‘దీన్ని బాగుచేయించడం కంటే కొత్తది కొనుక్కోండి’ అన్నాడు. నా దగ్గర డబ్బు కూడా తీసుకోలేదు.

సంస్థకి వెళ్తే మాట మారిపోయింది. ‘ఎండలో పెట్టుంటారు సార్.’ బెజవాడలో ఏప్రిల్‌లో వస్తువు ఎండ తగలకుండా పెట్టాలంటే బీరువాలో పెట్టాలి. నేను అదే చేశాను కూడా, మా ఆవిడ పట్టుచీరల పక్కన. (కారు డిక్కీలో మాత్రం ఎప్పుడూ పెట్టకండి, ఆ వేడికి జిగురు మెత్తబడుతుంది, అది నిజమే.) తర్వాత ‘గిటార్ మేం అమ్మలేదు కదా సార్, గిఫ్ట్ ఇచ్చాం. గిఫ్ట్‌కి గ్యారంటీ ఏముంటుంది?’ అన్నాడు. రసీదులో గిటార్ మాట ఎందుకు లేదో నాకు అప్పుడు వెలిగింది.

ఇంకోటి కూడా చెప్పాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, లోపం ఉన్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి కిందకి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడమూ అదే కిందకి వస్తుంది. ఇప్పుడు వాళ్ళ ‘రెండు నెలలు ఓపిక పట్టండి సార్’ మళ్ళీ ఒకసారి వినండి. ఓపిక పట్టేసరికి ఆ 30 రోజులూ దాటిపోతాయి.

అందుకని కొనే రోజే, కొట్లోనే చూసుకోండి. ఏటీఎం కార్డులు పట్టుకెళ్ళండి. అక్షరాలు ఉబ్బెత్తుగా లేని కార్డు మందం ఎక్కడైనా 0.76 మిల్లీమీటర్లే. 12వ ఫ్రెట్ ఇనప గీతకీ లావు తీగకీ మధ్య మూడు కార్డులు పట్టీ పట్టనట్టు పడితే బాగున్నట్టు. ఐదు కార్డులు సులువుగా దూరిపోతే ఆ గిటార్ అక్కడే పెట్టి రండి. నైలాన్ తీగల గిటార్‌కి లెక్క వేరు, దానికి నాలుగైదు కార్డులు మామూలే. ట్యూనర్ యాప్‌తో ఆరు తీగలూ ఊరికే ఒకసారి, 12వ ఫ్రెట్ దగ్గర ఒకసారి చూడండి. బ్రిడ్జి వెనక అంచున కాగితం దూరుతుందేమో చూడండి. ‘సార్, ఏం చేస్తున్నారు’ అని అడిగితే అడగనివ్వండి. గిటార్‌కి విడిగా బిల్లు అడగండి, ఫ్రీ అన్నా సరే మోడల్ పేరుతో రాయించుకోండి.

ఫీజు నెలనెలా కడతానని చెప్పండి. ఒప్పుకోకపోతే మెట్లు దిగి వచ్చేయండి. ‘లండన్ సర్టిఫికెట్’ అంటే ఏ బోర్డో, ఏ గ్రేడో అడగండి. ట్రినిటీ కాలేజ్ లండన్ లాంటి బోర్డుల పరీక్షలు ఇనీషియల్‌తో మొదలై 8వ గ్రేడు దాకా ఉంటాయి, వయసు పరిమితి లేదు, పరీక్ష ఫీజు విడిగా కట్టాలి, సర్టిఫికెట్ ఆ బోర్డే ఇస్తుంది. మా వాళ్ళు చూపించింది వాళ్ళ ప్రింటర్లో తీసిన రంగు కాగితం.

నా పని ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చిందంటే, ముందు 1915కి ఫోన్ చేశాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఫిర్యాదు నమోదు చేసుకుని నంబరిచ్చారు. సంస్థ నుంచి జవాబు లేదు. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేశాను. 5 లక్షల లోపు మొత్తానికి కోర్టు ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు, రెండేళ్ళ లోపు వేయాలి. నా నోటుబుక్కు, రసీదు, ఫ్లెక్సీ ఫొటో, స్కేలు పెట్టి తీసిన ఫొటోలు అన్నీ జత చేశాను. నోటీసు అందిన వారానికి ఓనరు ఫోన్ చేసి ఆరువేలిస్తాను, ఫిర్యాదు వెనక్కి తీసుకోండి అన్నాడు. తీసుకోలేదు.

ఈలోగా నైలాన్ తీగలది ఒకటి కొనుక్కున్నాను. కొట్టువాడి చేతే తీగల ఎత్తు సరిచేయించి తెచ్చుకున్నాను. నైలాన్ తీగల లాగుడు స్టీలు కంటే చాలా తక్కువ, వేళ్ళకి హాయి. నెక్ మాత్రం వెడల్పు, చేతులు చిన్నవైతే ఇబ్బందే, పట్టుకుని చూసి తీసుకోండి. పొద్దున వేళ్ళు బిగుసుకుని ఉంటాయి కాబట్టి గోరువెచ్చటి నీళ్ళలో ఐదు నిమిషాలు ముంచి, పావుగంట వాయిస్తాను. సాయంత్రం ఇంకో పావుగంట. ఆదివారం రెండు గంటలు ఏకబిగిన వాయించే కంటే ఇదే నయం. షుగరుండి వేలి కొసల్లో తిమ్మిరి ఉన్నవాళ్ళు మాత్రం ముందు డాక్టర్నడిగి మొదలుపెట్టండి, పుండు పడినా తెలియదు. సీ కార్డు మూడో రోజే ఆరింటికి ఐదు తీగలు పలికాయి. లావు తీగ ఆ కార్డులో మీటకూడదట, అంటే అన్నీ పలికినట్టే. ఎఫ్ ఇంకా రాలేదు. అది మాత్రం నా వేళ్ళదే తప్పు, గిటార్‌ది కాదు.

మొన్న శనివారం ఆ వీధిలోంచి వెళ్తూ చూశాను. ఫ్లెక్సీ కొత్తది వేశారు. ‘గిటార్ ఫ్రీ’ పక్కన ఇప్పుడు ‘సీనియర్ సిటిజన్లకు ప్రత్యేక బ్యాచ్’ అని కూడా చేర్చారు.