దేవుడు లేడనేవాడు, దేవుడి గొడవ పట్టనివాడు: ఓటు ఎటు?

మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న ధర్మాబాద్, బిలోలి వైపు మన తెలుగువాళ్లలో గుడి గడప తొక్కనివాళ్లు రెండు రకాలు.

నాస్తికుడిది సిద్ధాంతం. 2013లో పుణేలో మూఢనమ్మకాలపై పోరాడిన దాభోల్కర్‌ను కాల్చి చంపడం, ఆ ఏడాదే మహారాష్ట్రలో చేతబడి వ్యతిరేక చట్టం రావడం అతనికి కంఠతా. మతం పేరెత్తే పార్టీకి చచ్చినా ఓటెయ్యడు.

రెండోవాడు గణపతి చందా అడిగితే ఇస్తాడు, ప్రసాదం పెడితే తింటాడు. ఓటు దగ్గరే లెక్క గట్టి: బాసర వైపు తెలంగాణలోకి దాటితే రైతుకు పెట్టుబడి సాయం (అప్పట్లో రైతుబంధు), మరి మాకేది? 2023 ఫిబ్రవరిలో కేసీఆర్ నాందేడ్‌లో సభ పెట్టింది ఈ ప్రశ్న పట్టుకునే. నన్నడిగితే పార్టీలు బతిమాలుకోవాల్సింది ఇతన్నే. మొదటివాడి ఓటు ఎప్పుడో ఖాయం.

అమెరికాలోనూ ఈ తేడా ఉంది. ప్యూ అనే సర్వే సంస్థ 2024 నివేదిక ప్రకారం నాస్తిక ఓటర్లలో 84 శాతం డెమోక్రాట్ల వైపు. ‘ప్రత్యేకంగా ఏ మతమూ లేదు’ అనేవాళ్లలో 62 శాతమే.