ఇర్ఫాన్‌వ్యూ: నాన్న ఫ్రేము కోసం 312 ఫోటోలు

నాన్నకి డిజిటల్ ఫోటో ఫ్రేము కొని, నా కెమెరాలో ఉన్న ఫోటోలన్నీ ఎక్కించి ఇచ్చాను. రెండో రోజే ఫోను. "ఏమ్మా, ఇది ఒక్కో ఫోటోకీ నిద్రపోయి లేస్తోందేంటి?"

తప్పు ఫ్రేముది కాదు. దాని తెర 1280 × 800. నేను ఎక్కించినవేమో ఒక్కోటి 6000 × 4000. అంటే 2 కోట్ల 40 లక్షల పిక్సెళ్లు (రంగు చుక్కలు), ఫైలు 9 ఎంబీ పైమాటే. అదంతా తెరిచి, లెక్కగట్టి, చివరికి ఆ చిన్న తెరలో సర్దాలి. నిద్రపోక ఏం చేస్తుంది?

ముందు ఒక వెబ్‌సైట్‌లో చిన్నవి చేయబోయాను. ఇరవైకి మించి తీసుకోనంది. ఆ ఇరవై ఎక్కేసరికే సగం పూట అయిపోయింది. ఇంటి ఫోటోలు ఎవరి సర్వర్‌లో పడుతున్నాయో అన్న గుబులు ఒకటి. అప్పుడు గుర్తొచ్చింది ఇర్ఫాన్‌వ్యూ, ఫోటోలు చూడ్డానికి, మార్చడానికి వాడే కంప్యూటర్ ప్రోగ్రాం. ఇర్ఫాన్ ష్కిల్యాన్ అనే ఒకాయన తయారుచేసింది, 1996 నుంచీ ఉంది. సొంత వాడకానికి ఉచితం. చూడ్డానికి ఆ కాలం దానిలాగే ఉంటుంది, గుర్తేమో ఒక ఎర్ర పిల్లి. అందం చూసి వాడేవాళ్లెవరూ ఉండరనుకుంటా.

ఫోటో తెరిచి కంట్రోల్, ఆర్ నొక్కితే సైజు మార్చే పెట్టె వస్తుంది. అందులో డీపీఐ అని ఒక గడి ఉంది. మొదటిసారి 300 ని 72 చేసేసి, పని అయిపోయిందనుకున్నాను. ఒక్క పిక్సెల్ కూడా తగ్గలేదు. ప్రింటు తీసేటప్పుడు అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు వేయాలో చెప్పే అంకె అది, అంతే. తెర దాన్ని పట్టించుకోదు. మార్చాల్సింది వెడల్పు, ఎత్తు.

అసలు సంగతి ఆ పెట్టెలోనే ఓ పక్కన ఉంది. రీసైజ్, రీశాంపుల్ అని రెండు పద్ధతులు. మొదటిది త్వరగా అవుతుంది, నాణ్యత తక్కువ అని అక్కడే రాసి ఉంటుంది. నేను తొందరలో మొదటిదే నొక్కాను. మా గ్రూప్ ఫోటోలో బాబాయి సన్న నీలి గీతల చొక్కా వేసుకున్నారు. చిన్నదైన ఫోటోలో ఆ గీతలు పోయి, చొక్కా నిండా అలలు తేలాయి. వెనకున్న కరెంటు తీగ ముక్కముక్కలైంది.

ఎందుకంటే ఎత్తు 800 కి సరిపోయేలా వెడల్పు 6000 ని 1200 చేస్తే అటు అయిదింటికి ఒకటి, ఇటు అయిదింటికి ఒకటి. మొత్తం పాతిక పిక్సెళ్ల చోట ఒక్కటే మిగులుతుంది. తొందర పద్ధతి పాతికలో ఒకదాన్ని ఏరుకుని మిగతా ఇరవై నాలుగూ పారేస్తుంది. ఏరుకున్నది గీత మీదిదా, గీతల మధ్యదా అన్నది దాని అదృష్టం. రీశాంపుల్ అలా కాదు, చుట్టూ ఉన్నవాటన్నిటినీ లెక్కలోకి తీసుకుని ఒక రంగు తేలుస్తుంది. ఆ లెక్క కట్టే పద్ధతుల్లో లాంజోస్ (Lanczos) అనేది ఎంచుకుని మళ్లీ చేశాను. చొక్కా చొక్కాలా వచ్చింది. ఇంకో లాభం, చీకట్లో తీసిన ఫోటోల్లో ఉండే నలుసుల్లాంటి నాయిస్ కూడా చాలావరకు సర్దుకుపోయింది. పక్కనే షార్పెన్ గడి ఉంది. నేను టిక్ తీసేశాను. లాంజోస్ అంచుల్ని ఎలాగూ పదునుగానే ఉంచుతుంది, దాని మీద ఇదీ పెడితే ఆకాశం ముందున్న కొమ్మల చుట్టూ తెల్లటి గీత కనిపించింది.

ఒక్కో ఫోటోకీ ఇదంతా చేయక్కర్లేదు. బి నొక్కితే ఫోటోలన్నిటినీ ఒకేసారి మార్చే బ్యాచ్ కిటికీ తెరుచుకుంటుంది. వెడల్పు 1280, ఎత్తు 800 ఇచ్చి, నిష్పత్తి చెడకుండా ఉంచమన్నాను. అడ్డం ఫోటోలు 1200 × 800 కి, నిలువువి 533 × 800 కి వచ్చాయి. జేపెగ్ (ఫోటో ఫైలు రకం) నాణ్యత 100 కి 85. చిన్న ఫోటోల్ని సాగదీయకుండా ఉండే గడి కూడా ఉంది, అదీ టిక్ చేశాను. 312 ఫోటోలు, నేను టీ తాగి వచ్చేలోపే అయిపోయాయి. ఒక్కోటీ 250 కేబీ చుట్టుపక్కల.

బ్యాచ్ కిటికీ మాత్రం మొదటిసారి చూస్తే టెన్షనే. ఎటు చూసినా గడులే. ముందు ఓ 40 ఫోటోలతో ప్రయోగం చేసినప్పుడు, ఒరిజినల్స్ ఉన్న ఫోల్డర్‌నే గమ్యంగా ఇచ్చి, పాతవాటి మీదే రాసెయ్యమని నేనే టిక్ పెట్టాను. నలభై ఒరిజినల్సూ పోయాయి. కెమెరా కార్డు ఇంకా చెరపలేదు కాబట్టి బతికిపోయాను. ఇప్పుడు ముందుగా 'ఫ్రేము' అని వేరే ఫోల్డర్ చేశాకే ఈ కిటికీ తెరుస్తున్నాను.

ఇది విండోస్‌కే. తమ్ముడిది మ్యాక్, వాడు దాంతోనే వచ్చే ప్రివ్యూ అనే ప్రోగ్రాంలోనే సైజు తగ్గించుకుంటాడు.

ఫ్రేము ఇప్పుడు చకచకా తిరుగుతోంది. మొన్న నాన్న మళ్లీ ఫోను చేసి, బాబాయి ఉన్న ఆ గ్రూప్ ఫోటో పెద్దదిగా ప్రింటు కావాలన్నారు. ఫ్రేములోది పనికిరాదు, అంగుళానికి 300 చొప్పున వేస్తే 4 అంగుళాల వెడల్పే వస్తుంది. 6000 దైతే 20 అంగుళాలు. ఒరిజినల్ కోసం వెతికితే, నేను పోగొట్టుకుని కార్డులోంచి తెచ్చుకున్న ఆ నలభైలో ఉంది అది.