హలాల్, కోషర్: మండి బజార్ హలీం దగ్గర తేడా వచ్చింది

రంజాన్ సాయంత్రం వరంగల్ మండి బజార్‌లో హలీం గిన్నె చేతికొస్తే, పైన నెయ్యి తేలుతూ ఉంటుంది. ముస్లింకు అది హలాల్. కోషర్, అంటే యూదుల ఆహార నియమం పాటించే యూదుడు మాత్రం ముట్టడు, మాంసం ఎలా కోసినా సరే. నెయ్యి పాలదే కదా! ‘మేకపిల్లను దాని తల్లిపాలలో ఉడకబెట్టకూడదు’ అని యూదుల ధర్మగ్రంథం తోరాలో మూడుచోట్ల ఉంది. ఆ ఒక్క మాట నుంచి రబ్బీలు (యూదు మతగురువులు) మాంసానికో గిన్నె, పాలకో గిన్నె పెట్టించేదాకా వెళ్లారు. పెరుగు కలిపిన మన దమ్ బిర్యానీదీ అదే గతి.

మిగతాచోట్ల హలాల్, కోషర్ చాలావరకు దగ్గరి చుట్టాలే. పంది, రక్తం రెండింటిలోనూ నిషేధం. ఒంటె మాంసం మాత్రం ముస్లింకు చెల్లుతుంది, యూదుడికి చెల్లదు. వైన్ దగ్గర తిరగబడుతుంది. గ్రంథప్రజల (యూదులు, క్రైస్తవుల) ఆహారం తినొచ్చని ఖురాన్ 5:5 అంటుంది. కోషర్‌లో ఆ సడలింపు లేదు, శిక్షణ పొందిన యూదుడే కోయాలి. నాకైతే కోషరే కఠినంగా తోస్తుంది.

కాజీపేటలోని నా క్యాథలిక్ దోస్తుకు ఈ టెన్షన్ లేదు. బైబిల్‌లోని అపొస్తలుల కార్యములు 10లో, ఏ జంతువునైనా తినొచ్చని యేసు శిష్యుడు పేతురుకు వచ్చిన దర్శనంతో ఆ గీత చెరిగిందంటాడు. 15వ అధ్యాయంలో రక్తం వద్దన్న మాట గుర్తుచేస్తే నవ్వేస్తాడు. అయితే ఈస్టర్‌కు ముందొచ్చే తపస్సుకాలం శుక్రవారాల్లో మాంసం మానేస్తాడు. మొన్న రంజాన్, తపస్సుకాలం కలిసొచ్చాయి. శుక్రవారం హలీంకి పిలిస్తే, ‘శనివారం పోదాం తియ్’ అన్నాడు.